అన్నవిషము - కావ్యప్రమాణము

అన్నశబ్దము 'అద్' ధాతువుపై నిష్ఠాప్రత్యయము రాఁగా సిద్ధించినది. తకారాదియగు కిత్ప్రత్యయము పరమైనపుడు ఆ ధాతువునకు 'జగ్ధి' యను ఆదేశము రావలెను. అట్లగుచో 'జగ్ధము' అనియే రూపము కావలసియుండఁగా, 'అన్నము' అనునది యెట్లు సాధువగునని శంక. పాణిని తానే వేఱొక సూత్రమున అన్నశబ్దము నుచ్చరించియుండుటచేత నది నిపాతసిద్ధమని వృత్తికారులు సమాధానము చెప్పిరి. తైత్తిరీయోపనిషత్తు ఈ శబ్దమునకు రెండు నిర్వచనము లిచ్చినది: ప్రాణులచేఁ దినఁబడునది యొకటి, ప్రాణులను దినునది రెండవది. మొదటి యర్థము పసిబిడ్డకైనను దెలియును. రెండవ యర్థము చిరకాలము వ్యాఖ్యాతల విచారమునకే మిగిలియుండెను. నేఁడు అది వాచ్యార్థమైనది. పురుగుమందులును, కర్మాగారముల వ్యర్థజలమును, భూగర్భమునుండి పైకి వచ్చు లవణములును అన్నపానములతోఁ గూడి దేహముఁ జేరి, తినువానినే తినుచున్నవి. ఇట్టి విషమును కావ్యాదికళలు ఏ తెఱఁగునఁ జూపుచున్నవి, ఏ తెఱఁగునఁ జూపుట యుచితము అనునది యిచట విచార్యము.

ఈ విచారమునకు నల్లగొండ సీమ తగిన క్షేత్రము. పాత నల్లగొండ జిల్లాయందు, కృష్ణానదికిఁ జేరువను, మేళ్లచెరువు గ్రామము కలదు. 2016లో జిల్లాలు పునర్విభక్తములైనపుడు అది సూర్యాపేట జిల్లాలోఁ జేరినది. ఊరిపేరిలోనే చెఱువున్నది. అచటి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి లింగశిరమున చిన్న బిలము కలదనియు, అందలి జల మెన్నఁడు నింకదనియు ప్రసిద్ధి. శివరాత్రి జాతరకు వచ్చు జనులు ఆ జలమును తీర్థముగాఁ గొందురు. ఈ యూరు సున్నపుఱాతికిని, దానితో సిమెంటు చేయు కర్మాగారములకును గూడ పేరుపడినది. సున్నపుఱాతి నేలలలో నీటియందు కాల్షియము మెండు. కాల్షియము మెండైనచోట ఫ్లోరైడు నీటఁ గరఁగి నిలుచుట తక్కువ. అదే పాతజిల్లాలో పడమటి దెసనున్న మునుగోడు, మఱ్ఱిగూడ ప్రాంతములది గ్రానైటు నేల. అచట ఱాతియందలి ఫ్లోరైడు భూగర్భజలమునఁ గరఁగి బావులలోనికి వచ్చినది. ఒక జిల్లాలోనే యొకచోటి నీరు తీర్థము, మఱియొకచోటి నీరు విషము. చూచుటకు రెండును నీళ్లే.

త్రాగునీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయము. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాఁచినను బోదు, నీరు ఇగిరినకొలఁది యింకను జిక్కఁబడును. బాల్యమున దంతముల వన్నె చెఱచును; ఏండ్లు గడచినపిదప ఎముకలఁ బిరుసెక్కించి వెన్నును వంచును. తెలుఁగునేల నీ వ్యాధిని 1937లో వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములయందు గుర్తించి వర్ణించిరి. నల్లగొండ జిల్లా రోగులను గూర్చిన వ్యాసము 1955లో బ్రిటిషు వైద్యపత్రికయందు వెలువడెను. 1970ల దశకమున హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ వారు ఇంకొక సంగతి గనిపెట్టిరి: వరియన్నము తినువారికంటె జొన్నలు తినువారి దేహమున ఫ్లోరైడు హెచ్చుగా నిలుచును. కాఁబట్టి యిది నీటిదోషము మాత్రమే కాదు. జొన్నగటుక తిని బావినీరు త్రావిన బీదవానికి, ఆఁకలి తీర్చిన యన్నమే లోనికి వచ్చిన విషమును బోనీయక పట్టియుంచినది.

ప్రాచీనులు అన్నవిషమును ఎఱుఁగనివారు కారు. సుశ్రుతుఁడు కల్పస్థానమున రాజుగారి యన్నపానరక్షను విస్తరముగాఁ జెప్పెను. విషము కలిసిన యన్నమును నిప్పునఁ జల్లినచో చిటపటధ్వని పుట్టును. చకోరము దానిఁ జూచిన కన్నుల వన్నె మాఱును. కోకిల గొంతు చెడును. రాజు తినకపూర్వము పక్షి పరీక్షించును. అదే స్థానమున 'దూషీవిషము' అనుదానిఁ గూడ వర్ణించెను. అది వెంటనే చంపునది కాదు. వీర్యము తగ్గినదై, కఫముచేఁ గప్పఁబడి, దేహమున ఏండ్లకొలఁది యడఁగియుండి, దేశకాలాహారములు ప్రతికూలమైనపుడు ధాతువులను దూషించును. నేఁటి వైద్యులు ఫ్లోరైడును గూర్చియు, కొన్ని పురుగుమందులను గూర్చియుఁ జెప్పునది దీనికి మిక్కిలి దగ్గఱగా నున్నది. భేదమొక్కటియే. నాఁడు రాజునకుఁ జకోర ముండెను. నేఁడు రైతునకు లేదు.

ఇఁక కావ్యవిషయము. కంటికిఁ గనఁబడని దానిని, నాలుకకుఁ దెలియని దానిని, ముక్కునకందని దానిని కవి యెట్లు వర్ణింపవలెను? ఖడ్గము వర్ణింపవచ్చును, కఱవు వర్ణింపవచ్చును, వెల్లువ వర్ణింపవచ్చును. లీటరునకు మిల్లీగ్రాములుగాఁ గొలువఁబడు దానికి వర్ణన యేది? ఇచట కళాకారులకు రెండు త్రోవలు కనఁబడుచున్నవి. విషముచేఁ జెడిన దేహమును జూపుట యొకటి. ఇది కార్యమునుండి కారణమును దెలిసికొను అనుమానము. విషమువలన లేకపోయిన వానిని జూపుట రెండవది. ఇది భాట్టమీమాంసకులు వేఱుప్రమాణముగా నంగీకరించిన యనుపలబ్ధి. ఉండవలసినది లేదని తెలియుట కూడ జ్ఞానమే, అది యున్నదానివలనఁ గలుగు జ్ఞానముకంటె భిన్నమని వారి మతము. అన్నవిషమును గూర్చిన కావ్యమునకు ఈ రెండవ ప్రమాణమే ముఖ్యమని లక్ష్యములను బట్టి నిరూపింపవచ్చును.

మొదటి లక్ష్యము గోరటి వెంకన్న రచించిన 'పల్లె కన్నీరు పెడుతుందో' యను పాట. ఈ కవి పాత మహబూబునగరు జిల్లాలోని గౌరారమున 1963లో జన్మించినవాఁడు. 'వల్లంకి తాళం' అను కృతికి 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము నందినవాఁడు. ఈ పాట 2002లో 'కుబుసం' చలనచిత్రమునఁ జేరి తెలుఁగునేల నాలుగు చెఱఁగులకుఁ బ్రాఁకినది. పల్లె యేడ్చుచున్నదనియు, దాని నేడిపించు పన్నాగములు కంటి కగపడుట లేదనియు పల్లవి యభిప్రాయము. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి మొదలగు చేతివృత్తులు చెడిపోయిన తెఱఁగు పాటయందు విస్తరముగా నున్నది. ప్రకృతమునకు ముఖ్యమైనది నేలను గూర్చిన భాగము. తొలకరికిఁ దడిసిన మట్టి పరిమళ మేమైనదని కవి యడుగును. వానపాములును నత్తలును నేలలో బ్రతుకకుండుటను గూర్చి యడుగును. వాని స్థానమునఁ బంటపొలములయందుఁ బత్తిమందుల కంపు నిండినదని చెప్పును.

ఈ కొలఁది మాటలలో నెంత శాస్త్రార్థ మిమిడియున్నదో చూడఁదగును. తార్కికులు పృథివికి గంధము లక్షణమందురు. లక్షణము పోయినచో లక్ష్యమే లేదు. మట్టివాసన పోయినదనుట ఒక సుఖము పోయినదని చెప్పుట కాదు. మట్టి మట్టి కాకపోయినదని చెప్పుట. నేఁటి విజ్ఞానశాస్త్రము దీనిని మఱియొక తెరువున సమర్థించుచున్నది. తొలివానకు వచ్చు ఆ వాసనకు ముఖ్యకారణము నేలలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థము. ఆ పరిమళము నేల సజీవముగా నున్నదనుటకు గుఱుతు. మఱి పత్తిమందు కంపు నేలది కాదు. నీటియందు వాసన తోఁచిన నది నీటిది కాక పార్థివకణములదని తార్కికులు చెప్పునట్లు, ఇది వెలినుండి వచ్చి చేరిన యౌపాధికగుణము. స్వగుణము తొలఁగి పరగుణము నిలిచినది. ఈ స్థితిని బోధించుటకు కవి విషము పేరైన నెత్తలేదు, దాని రసాయనస్వభావముఁ జెప్పలేదు. ఒక పరిమళమును గూర్చి ప్రశ్న వేసి యూరకుండెను. సమాధానము శ్రోత ముక్కుననే యున్నది.

వానపాము, నత్త యను నెన్నికయు సామాన్యము కాదు. ప్రబంధకవి యైనచో హంసలను, చక్రవాకములను జెప్పియుండును. ఈ కవి కాలిక్రింద నుండు ప్రాణులను గైకొనెను. దుక్కి దున్నువానికిఁ గనఁబడునవి యవియే. మడిలో వానపాము లేదని మొదటఁ దెలియువాఁడు నాఁగలి పట్టినవాఁడే. రాజునకుఁ జకోర మెట్లో, రైతునకు వానపాము అట్లు. పరీక్షకప్రాణి చచ్చినది, కంచములోని యన్నమును గూర్చి వేఱుగాఁ జెప్పఁబనిలేదు. 1962లో అమెరికాయందు రేచెల్ కార్సన్ డీడీటీ మొదలగు మందుల కీడును నిరూపించుచు వ్రాసిన గ్రంథమునకుఁ బెట్టిన పేరు కూడ, పక్షికూఁతలు వినరాని మౌనవసంతమను నర్థము గలది. ఎక్కడి సముద్రతీరవిజ్ఞానవేత్రి, ఎక్కడి గౌరారపు పాటకవి! ఒకరికిఁ బిట్ట, ఒకరికి వానపాము. ఇరువురకును ప్రమాణము అనుపలబ్ధియే.

ఈ సందర్భమున శబ్దవిచార మొకటి యవసరము. పురుగుమందు అను సమాసమునఁ బూర్వపదము నశింపఁజేయఁదగినదానిని, ఉత్తరపదము నశింపఁజేయుదానిని జెప్పుచున్నవి. దగ్గుమందు అను సమాసము వంటిదే. కాని మందనఁగా మొదట ఔషధము. విషమునకు ఔషధనామము కలుగుటచేత దానిఁ గొను చేయి వణఁకదు. రసాయన శబ్దగతి యింతకంటె విచిత్రము. అష్టాంగాయుర్వేదమున రసాయనతంత్ర మాయుర్వృద్ధికి, అగదతంత్రము విషహరణమునకు. రెండును వేర్వేఱు అంగములు. నేఁడు రసాయనములు లేని కూర యనఁగా మంచి కూర యని యర్థము! ఒకప్పుడు ఆయువు నిచ్చినదానికిఁ బేరైన శబ్దము నేఁడు తొలఁగింపఁదగినదానికిఁ బేరైనది. 1997-98లో వరంగల్లు ప్రాంతమునఁ బత్తిపంట చెడి యప్పులపాలైన రైతు లనేకులు ప్రాణములు దీసికొనిరి. వారిలోఁ బలువురు త్రావినది పురుగుకొఱకుఁ దెచ్చిన మందే. ఇచట శబ్దార్థవిపర్యయము వైయాకరణుల వినోదము కాదు.

ఇఁక మొదటి త్రోవను, దేహప్రదర్శనమును, విచారింపవలెను. వంగిన వెన్నులను, మెలిదిరిగిన కాళ్లను జూపు ఛాయాచిత్రములవలననే నల్లగొండ పేరు లోకమునకుఁ దెలిసినది. వాని మేలు కొంత గలదు. అయినను రసదృష్టితోఁ జూడఁగా నొక చిక్కు తోఁచును. విషము జుగుప్సకు ఆలంబనము కావలసినది; చిత్రమున విషము కనఁబడదు, దేహము కనఁబడును. చూపఱి జుగుప్స దారితప్పి రోగిపైఁ బడును. కరుణ కలిగినను అది దూరమునుండి కలుగు కరుణ. తాను చూడఁబడుచున్నాఁడని రోగి యెఱుఁగును. చూచువాఁడు మాత్రము తన కంచమును దాను చూచికొనఁడు.

దీనికి జపానుదేశపు మినమాట యుదాహరణము. అచట ఒక రసాయనకర్మాగారమునుండి సముద్రమున వదలఁబడిన పాదరసము చేఁపలఁ జేరి, చేఁపలఁ దినినవారి నాడీమండలమును జెఱచినది. అచటను మొదట సాక్ష్యమిచ్చినవి మూఁగప్రాణులే: పిల్లులు పిచ్చియెత్తినట్లు గంతులిడి చచ్చినవి, కాకులు నేలఁగూలినవి. 1956లో మనుష్యులయందు వ్యాధి యధికారికముగా నమోదైనది. కారణమును ప్రభుత్వ మంగీకరించుటకు 1968 వచ్చినది. యూజీన్ స్మిత్ అను ఛాయాగ్రాహకుఁడు 1971లో ఒక తల్లి వ్యాధిగ్రస్తయైన తన కూఁతునకు స్నానము చేయించుచున్న చిత్రమును దీసెను. మఱుసటి యేఁట నది ప్రకటింపఁబడి జగత్ప్రసిద్ధి గాంచెను. ఆ చిత్రమున జుగుప్స లేదు. తల్లిచూపు దానిని కరుణగా మార్చినది. అయినను కూఁతురు గతించినపిదప తలిదండ్రులు, ఆమె నింక విశ్రమింపనీయవలెనని కోరిరి. స్మిత్ గతించినపిదప హక్కుదారయైన యాతని భార్య ఐలీన్, 1990ల దశకపు చివర, ఆ చిత్రమును గూర్చిన నిర్ణయమును వారికే విడిచి ప్రచారమునుండి తొలఁగించెను. అత్యుత్తమచిత్రము విషయముననే యిట్లు జరిగినదన్నచో, తక్కినవానిని గూర్చి చెప్పనేల? అదే మినమాటను గూర్చి 1969లో ఇషిమురె మిచికొ ప్రకటించిన గ్రంథము మఱియొక త్రోవఁ ద్రొక్కినది. ఆమె జాలరులను వారి పల్కుబడితోనే మాటలాడించెను. అందు వ్యాధి యున్నది, కాని అంతకుమున్ను సముద్రముతో వారికిఁ గల చెలిమి యున్నది. పోయినదేదో తెలిసినపిమ్మటనే పాఠకునకు రోగము తెలియును.

ఇచట పూర్వపక్ష మిట్లుండును: 'లేకపోయినవానిని గూర్చి పాడుట మృదువైన విలాపము. పరిమళమునకు వగచువారు దొరలైనను గలరు. వంగిన వెన్నుఁ జూడనిదే ప్రభుత్వము కదలదు. దేహమును దాఁచుట దోషిని దాఁచుటయే.' ఈ యాక్షేపము బలమైనది, దీనిని త్రోసివేయరాదు. సమాధాన మేమనఁగా, దేహప్రదర్శన మెల్ల నిషిద్ధము కాదు. ఎవరు చూపుచున్నారనునదియే ప్రశ్న. తన దేహమును తాను చూపి న్యాయమడుగువాఁడు సాక్షి. పరునిచేఁ జూపఁబడువాఁడు విషయము. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న మొదటివాఁడు కర్త, రెండవవాఁడు కర్మ. కావ్యము కర్మను కర్తగాఁ జేయవలెను; మాటలాడనీయవలెను. అందులకే మాండలికభాషాప్రశ్న యిచట ప్రసక్తమగును. వెంకన్న పాటలోని తెలంగాణపు పలుకుబడి పండితులలోఁ గొందఱకు రుచింపకపోవచ్చును. కాని కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు, శబ్దములు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడను నర్థమును భాష్యకారుఁడే యేనాఁడో చెప్పియున్నాఁడు. కంచములో విషమున్నవాఁడు తన భాషలోఁ గాక వేఱొకభాషలో ఏల మొఱవెట్టును?

ఇంత చెప్పినను పాటయందు దోషము లేదనరాదు. అందలి కాలవిభాగము మిక్కిలి సరళము: గతము నిర్మలము, వర్తమానము దూషితము. పత్తిమందు విషయమున నీ విభాగము చెల్లును, ఏలయనఁగా మందు నిన్న మొన్న వచ్చినది. ఫ్లోరైడు విషయమునఁ జెల్లదు. అది ఱాతిలోఁ బుట్టినది. దానిఁ గలిపిన శత్రువు లేఁడు. లోఁతుగా బోరుబావులు త్రవ్వి నీటిపై నాధారపడినకొలఁది బాధ హెచ్చినదనుట నిజమే, కాని తాతలనాఁటి నీరు తేనె యనుట నిజము కాదు. అచట దోషము విషమును గలిపినవానిది కాదు, విషమున్నదని తెలిసియు నేండ్లకేండ్లు వేఱునీరు తెచ్చి యీయనివానిది. పోయిన పరిమళమును స్మరించు కవిత్వము ఈ దోషమును బట్టుకొనలేదు. ఎన్నఁడు నుండనిదానిని, ఉండవలసియున్నదానిని గూర్చిన యనుపలబ్ధి కావలెను. ప్రధ్వంసాభావమును బాడినంతమాత్రమునఁ జాలదు, ప్రాగభావమును బాడవలెను.

అట్టి కృతి యొకటి నల్లగొండయందే పుట్టినది. కాని దానిని కావ్యమని యెవ్వరును బిలువలేదు. 1996 లోకసభ యెన్నికలలో, ఫ్లోరైడు బాధితప్రాంతములకు నీరు కావలెనని పోరాడుచున్న జలసాధనసమితి ప్రేరణచేత వందలకొలఁది జనులు నల్లగొండ స్థానమునకు నామపత్రములు దాఖలు చేసిరి. తుదకు 480 మంది యభ్యర్థులు నిలిచిరి. ఓటుపత్ర మొక పుస్తకమైనది. పెట్టెలు చాలలేదు, అచ్చు నెఱవేఱలేదు. పోలింగు వాయిదా పడెను. గెలువవలెనని నిలిచినవారు కారు గనుక వారిలో నించుమించుగా నందఱును ధరావతులఁ గోల్పోయిరి. ఆ యేఁడే శాసనము సవరింపఁబడి లోకసభాభ్యర్థుల ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకుఁ బెంపఁబడెను. బీదవాఁడు మఱల నట్టి పుస్తకము వ్రాయకుండ నది యడ్డమైనది.

ఆ యోటుపత్రమును విమర్శకదృష్టితోఁ జదువవలసియున్నది. అందు వంగిన వెన్ను లేదు, గారపట్టిన పన్ను లేదు, విషము పేరు లేదు. ఉన్నవి పేళ్లు, పేళ్ల ప్రక్కఁ జిహ్నములు. దేహముఁ జూపక తన పేరును దాను పలికినవాఁడు కర్త యైనాఁడు. పుట నెత్తినకొలఁది పేరు వెనుకఁ బేరు. చదువువానికి విసువు పుట్టవలెను, ఆ విసువునుండి ప్రశ్న పుట్టవలెను: ఇందఱు ఏమి లేక నిలిచిరి? లేనిది నీరు. ఎన్నఁడు నీయఁబడని మంచినీరు. వ్యంగ్యము దానంతటనదియే తోఁచును. ఆలంకారికులు ధ్వని యన్నది యిట్టిదానినే.

పాఠశాలలలో నన్నరస మధ్యాపనము చేయు పండితులకు నీ లక్ష్యములు రెండు విధముల నుపకరించును. బీభత్సరసమునకు శవములును శ్మశానమును మాత్రమే కాక, తెల్లని యన్నపుముద్దయు విభావము కాఁగలదని చెప్పవచ్చును. అభావము ప్రమాణమని చదివిన విద్యార్థిని పొలముగట్టునకుఁ గొనిపోయి, పెళ్లగించిన మట్టిగడ్డలో వానపామును వెదకుమనవచ్చును. వాఁడు వెదకి, లేదని చెప్పిననాఁడు, పాటయుఁ దెలియును, శాస్త్రమును దెలియును. మఱునాఁడు మధ్యాహ్నమున కంచము ముందుఁ గూర్చుండి, అన్నశబ్దమునకు రెండవ యర్థ మేమని వాఁడే యడుగును.